అట్టలో రంధ్రం... మగ్గంపై అక్షరం

సోలాపూర్‌లో పన్నెండు రోజుల వేసవి తరగతులు నడిపిన ఓ తెలుగు ఉపాధ్యాయురాలి అనుభవం

మే నెలలో సోలాపూర్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పది దాటితే వీధిలో మనిషి కనిపించడు. సెలవుల్లో పిల్లలు ఇంట్లో ఉంటే ఫోను, బయటికి వస్తే ఎండ. అందుకే మా పేటలో సమాజం వాళ్లు కట్టించిన కళామందిరాన్ని ఉదయం ఏడున్నర నుంచి పది వరకు ఇవ్వమని అడిగాను. కమిటీ పెద్దలు ఒక్క షరతు పెట్టారు. "పెండ్లిళ్ల సీజను టీచరమ్మా, లగ్గం ఉన్ననాడు ఖాళీ జేసియ్యాలె" అన్నారు. సరేనన్నాను. అలా పన్నెండు రోజులు దొరికాయి. వచ్చిన పిల్లలు ముప్పై నాలుగు మంది.

వాళ్లలో మా తెలుగు బడి పిల్లలు సగమే. మిగిలినవాళ్లు మరాఠీ, ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నారు. అందరి ఇళ్లలోనూ తెలుగే మాట్లాడతారు. కానీ బోర్డు మీద రాసింది చదవమంటే సగం మంది తలలు వంచుకున్నారు. ఆ సగంలో మా అమ్మాయి కూడా ఉంది. తెలుగు బడిలో పాఠం చెప్పే నేను నా బిడ్డను ఇంగ్లిష్ మీడియంలో వేశాను. ఈ మాట దాచి మిగతాదంతా రాస్తే ఈ వ్యాసానికి అర్థం ఉండదు.

మొదటి రోజు నా తప్పు

వీడియోలు చూసి పెద్ద ఏర్పాట్లే చేసుకున్నాను. మట్టితో కొండ కట్టి, అందులో సోడా ఉప్పు, వెనిగర్ పోసి అగ్నిపర్వతం చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, నురగ కారింది, అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది. మరుసటి రోజు "నిన్న ఏం నేర్చుకున్నారు?" అని అడిగితే "నురగొచ్చింది బాయీ" అన్నారు. ఇక్కడ పిల్లలు టీచరును మరాఠీ అలవాటుతో బాయి అంటారు. నురగ ఎందుకు వచ్చిందో ఒక్కరికీ గుర్తులేదు. వాళ్లు అగ్నిపర్వతాన్ని చూడలేదు, చూడబోరు. వాళ్ల చేతులు చేసిన పనీ అందులో ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే పవర్‌లూమ్ షెడ్డు బయట వ్యర్థ నూలు గుట్ట కనిపించింది. తెల్లది, ఎర్రది, పచ్చది. ఓ సంచి నిండా అడిగి తెచ్చుకున్నాను. మూడో రోజు నుంచి మా తరగతి దారి మారింది.

సోలాపూర్ ఊరే ఓ మగ్గం. పత్తి మిల్లులు వెలిసిన కాలం నుంచి నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు ఇక్కడికి తరలివచ్చారు. కొందరిని కరువు తరిమితే కొందరిని పని పిలిచింది. మొదట చేతిమగ్గాలు, తర్వాత మరమగ్గాలు. సోలాపూర్ చద్దర్‌కు, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ పిల్లల్లో చాలామందికి తాతో, తండ్రో, మేనమామో నేతపనివాడే. తల్లులు బీడీలు చుడతారు. అయితే "మీ నాన్న ఏం చేస్తారు?" అంటే పిల్లలు గొంతు తగ్గించి చెబుతారు. మగ్గమంటే చదువురానివాళ్ల పని అని ఎవరో వాళ్లకు నేర్పారు. నేర్పినవాళ్లలో మా బడులూ ఉన్నాయేమో.

అట్టపెట్టెతో మగ్గం

కిరాణా కొట్టులో పారేసే అట్టపెట్టెలు తెచ్చి, జానెడు పొడవున ముక్కలు కోశాం. పైనా కిందా అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున ఇరవై గాట్లు పెట్టాం. ఆ గాట్లలో తెల్ల నూలు బిగించి చుడితే అది పడుగు. లావుపాటి సూదికి ఎర్ర నూలు ఎక్కించి, ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా పోనిస్తే అది పేక. వెనక్కి వచ్చేటప్పుడు మీదుగా పోయిన చోట కిందుగా, కిందుగా పోయిన చోట మీదుగా. పాత దువ్వెనతో దగ్గరికి కొడితే గుడ్డ తయారు.

చెప్పేది పూర్తికాకముందే ఆరో తరగతి పిల్లవాడు లేచాడు. "మా తాత నాడె గిట్లనే ఇసురుతుండె బాయీ. గదాని లోపల కండె ఉంటది" అన్నాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా తరగతిలో నోరు విప్పనివాడు వాడు.

ఆ రోజు బోర్డు మీద గళ్లు గీసి ఒక్కో మాటకు నాలుగు భాషల్లో ఏమంటారో రాయమన్నాను. తెలుగులో పడుగు, పేక. కన్నడలో హాసు, హొక్కు. మరాఠీలో తాణా, బాణా. ఉర్దూలో తానా, బానా. మగ్గం దగ్గరికి వచ్చేసరికి పిల్లలకే ఆశ్చర్యం వేసింది. మరాఠీలో మాగ్, కన్నడలో మగ్గ, తెలుగులో మగ్గం. "మూడూ ఒక్క తీరే ఉన్నయి" అని అరిచారు. నాలుగు భాషలు వినపడే ఊళ్లో పెరగడం తక్కువతనం కాదని నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

సరి, బేసి కథ

నాలుగో రోజు గుండ్రటి నేత మొదలుపెట్టాం. కాగితపు పళ్లేన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిస్తే అంచున పదహారు గుర్తులు వస్తాయి. ప్రతి గుర్తు దగ్గర గాటు పెట్టి, మధ్య నుంచి చక్రపు ఆకుల్లా దారాలు కట్టి, చుట్టూ నేయాలి. ఓ పిల్లవాడు తొందరలో ఒక గాటు ఎక్కువ పెట్టాడు. "చూసి కోయరాదా?" అని కసిరాను.

పావుగంటకు అందరి పళ్లేలూ మొండికేశాయి. రెండో చుట్టులో కూడా దారం మొదటి చుట్టులో పోయిన చోటు మీదుగానే పోతోంది. నేత పడటం లేదు, ఊరికే చుట్టుకుంటోంది. చక్కగా నేత పడింది నేను కసిరిన పిల్లవాడి పళ్లెంలోనే.

ఎందుకో మీరే కనుక్కోండని వదిలేశాను. అరగంట గొడవ తర్వాత ఓ అమ్మాయి తేల్చింది. మీద, కింద, మీద, కింద అంటూ పదహారు పోగులు తిరిగితే పదిహేడో అడుగు మళ్లీ మొదటి పోగు దగ్గరికి వస్తుంది. పదిహేడు బేసి, అంటే మళ్లీ "మీద"నే. అదే పదిహేడు పోగులుంటే రెండో చుట్టు మొదటి పోగు దగ్గర పద్దెనిమిదో అడుగు. అది సరి, అంటే "కింద". చుట్టు చుట్టుకూ మారుతుంది కాబట్టే నేత పడుతుంది. మడిచిన కాగితం రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అంటూ ఎప్పుడూ సరి సంఖ్యే ఇస్తుంది. అందుకే అందరం బోల్తాపడ్డాం. మరో జట్టు గాటు కోయకుండానే దారి కనిపెట్టింది. చుట్టుకు ఒకచోట రెండు పోగులు కలిపి దాటేస్తే సరిపోతుందట. అదీ నిజమే.

ఆ పిల్లవాడికి అందరి ముందూ "తప్పు నాది" అని చెప్పాను. సరి బేసి సంఖ్యలు రెండో తరగతి నుంచీ చెబుతున్నాను. అవి ఒక గుడ్డను నిలబెడతాయని నాకూ ఆ రోజే తెలిసింది.

దిష్టినీళ్ల రసాయన శాస్త్రం

తర్వాతి మూడు రోజులు వంటింట్లో దొరికే వాటితో గడిచాయి. పసుపు నీళ్లలో తెల్ల కాగితం ముంచి ఆరబెట్టాం. సబ్బు నీళ్ల చుక్క పెడితే ఎర్రబారింది. బట్టల సోడా వేసినా అంతే. నిమ్మరసం, చింతపండు రసం వేస్తే మాత్రం పసుపుగానే ఉంది. ఎర్రబారిన చోట నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు తేలింది.

"ఇది మీ ఇంట్లో ఎప్పుడైనా చూశారా?" అంటే క్షణం నిశ్శబ్దం. తర్వాత వెనక నుంచి ఓ గొంతు: "దిష్టి దీసే ఎర్రనీళ్లు!" పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణిలోనూ అదే పసుపు, అదే సున్నం. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే రంగు మారుతుంది. క్షారమా కాదా అని చెప్పే ఇలాంటి వాటిని సైన్సు పుస్తకంలో సూచికలంటారు. మరాఠీ మీడియం పిల్లలు వెంటనే "దర్శక్" అన్నారు. మన క్షారం వాళ్ల పుస్తకంలో ఆమ్లారి. ఆమ్లం మాత్రం రెండు భాషల్లోనూ ఆమ్లమే. సున్నం కంట్లో పడితే ప్రమాదం కాబట్టి దాన్ని నేనొక్కదాన్నే ముట్టుకున్నాను. ఇలాంటి తరగతులు పెట్టేవాళ్లు ఈ జాగ్రత్త మరవొద్దు.

గంజి ప్రయోగం పిల్లలే కోరి చేసింది. నేతకు ముందు పడుగుకు గంజి ఎందుకు పెడతారన్నది ప్రశ్న. రెండు దారాలు తీసుకుని, ఒకదానికి గంజి పట్టించి ఆరబెట్టి, రెండింటినీ బల్ల అంచుకేసి రుద్దుతూ ఎన్ని రుద్దులకు తెగుతుందో లెక్కపెట్టారు. ఎనిమిది జట్లలో ఏడింటికి గంజి దారమే ఎక్కువసేపు నిలిచింది. ఒక జట్టుకు తారుమారైంది. "మాది తప్పు" అని వాళ్లు ఆ కాగితం చించబోతే ఆపాను. దారాన్ని భూతద్దంతో చూస్తే ఒకచోట సన్నగా, వదులుగా ఉంది. ఒక్క దారంతో తేల్చకూడదు, చాలాసార్లు చేసి చూడాలి అన్న పాఠం ఆ తారుమారు లెక్కలోనే ఉంది. గంజి పట్టిన దారం మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం రంగు వచ్చింది. పిండిపదార్థం ఉందనడానికి అది గుర్తు.

అటక మీది అట్టలు

మా బాపుకు ఒకప్పుడు రెండు జకార్డు మగ్గాలుండేవి. పని తగ్గాక వాటిని తూకానికి అమ్మేశాడు. డిజైను అట్టల కట్ట ఒకటి మాత్రం అమ్మలేదు, అటక మీద పెట్టాడు. తరగతికి రమ్మంటే ఒప్పుకోలేదు. "నేను నాలుగో తరగతి సదివినోణ్ని. బడిపోరగాళ్లకు నేనేం జెప్పాలె బిడ్డా?" అన్నాడు. మనవరాలు చెయ్యి పట్టి లాగితే తొమ్మిదో రోజు వచ్చాడు.

దారంతో కుట్టిన ఆ అట్టల దండను నేల మీద పరిచాడు. హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చింది. "పేకకు ఒక అట్ట. బొక్క ఉన్నకాడ సూది లోపల్కి పోతది, కొక్కెం లేస్తది, దానెంబడి పడుగు పోగు లేస్తది. బొక్క లేనికాడ అట్ట సూదిని నూకుతది, పోగు కిందనే ఉంటది. గంతే" అన్నాడు. ఇరవై ఏళ్ల పనిని మూడు మాటల్లో చెప్పేశాడు.

అది పిల్లలకు ఎక్కాలంటే వాళ్లే మగ్గం కావాలి. పది తాళ్లను కిటికీ ఊచలకు కట్టి, రెండో కొసలను పది మంది పిల్లల చేతికిచ్చాం. బాపు అట్ట చదివాడు. బొక్క అంటే ఆ పిల్ల చెయ్యి ఎత్తాలి, లేదంటే దించాలి. లేచిన తాళ్లకూ దిగిన తాళ్లకూ మధ్య నుంచి ఓ పాత చీర పీలికను ఒకడు పరుగెత్తి దాటించాడు. తర్వాత రెండో అట్ట, మూడో అట్ట. పన్నెండో అట్టకు చీర పీలికల మీద చదరపు పువ్వు తేలింది. హాలంతా ఒకటే అల్లరి.

అప్పుడు ఆ కథ చెప్పాను. ఫ్రాన్స్‌లోని లియోన్ పట్టణానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో ఈ అట్టల మగ్గాన్ని తయారుచేశాడు. అంతకుముందు మగ్గం మీద కూర్చుని పోగులు లాగేందుకు ఒక పిల్లవాడు ఉండాల్సి వచ్చేది. ఆ పని అట్టలు చేశాయి. 1830లలో ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఈ అట్టలనే ఎంచుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో ఏడా లవ్‌లేస్ రాసిన వివరణలో జకార్డు మగ్గంతో పోలిక ఉంది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులతోనే లెక్కించాడు. రంధ్రం ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. మన ఫోన్లు నేటికీ మాట్లాడుకునేది ఆ ఒకటి, సున్నాలతోనే.

బాపు మౌనంగా విన్నాడు. "అయితే నేను జేసింది కంపూటర్ పనే అంటవా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. మగ్గం అమ్మిన రోజున ఆయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ సంగతి గుర్తొచ్చింది.

ఆ సందర్భంలోనే చింతకింది మల్లేశం గారి గురించి కూడా చెప్పాను. ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆయన, చీర చీరకూ వేలసార్లు చెయ్యి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. "ఆరో తరగతేనా?" అని ఇద్దరు ముగ్గురు మళ్లీ మళ్లీ అడిగారు.

తలకట్టుకు రెండు గళ్లు

చివరి మూడు రోజులు ఎవరికి వారు గళ్ల కాగితం మీద ఒక అక్షరం గీసుకుని, దాన్ని నేయాలి. ఇరవై గళ్లు, ఇరవై పోగులు. నల్ల గడి వచ్చినచోట ఎర్ర దారం మీదుగా, తెల్ల గడి వచ్చినచోట కిందుగా. రెండు వరుసల మధ్య పట్టు కోసం ఒక తెల్ల వరుస.

ఇంగ్లిష్ అక్షరం ఎంచుకున్నవాళ్లు తొందరగా ముగించారు. నిలువు గీత, అడ్డగీత గళ్లలో సులువుగా కూర్చుంటాయి. తెలుగు అక్షరం అలా లొంగదు. దానిది అంతా గుండ్రమే. వంపు రావాలంటే మెట్లు మెట్లుగా గళ్లు నింపాలి. గళ్లు తక్కువైతే అక్షరం విరిగిపోతుంది. ఫోటోను పెద్దది చేస్తే చదరాలు కనిపించేది ఇందుకేనని ఓ పెద్ద పిల్లవాడు పట్టేశాడు.

మా అమ్మాయి "తాత"లోని "త" ఎంచుకుంది. దానికి తెలుగు రాయడం రాదు. ఎవరో రాసిస్తే చూసి గీసింది, రెండు రోజులు నేసింది, తీసుకెళ్లి తాతకు చూపించింది. ఆయన అట్టను దూరంగా పట్టుకుని చూశాడు. "తలకట్టు ఏదే? తలకట్టు లేని అక్షరం తలకాయ లేని మనిషి లెక్క" అన్నాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. విప్పి మళ్లీ నేయాలా అని నన్ను చూసింది. నేను నోరు తెరవలేదు. తాతే పక్కన కూర్చుని పై వరుస వరకు విప్పించి ఎక్కడ రెండు గళ్లు పెట్టాలో వేలితో చూపించాడు.

ఆ రాత్రి అది తెల్ల కాగితం తెచ్చుకుని "త" పక్కన "మ", "ర", "ప" రాసింది. "తలకట్టు అన్నిట్లకు ఒక్కటేనా అమ్మా?" అని అడిగింది. అయిదేళ్లుగా నేను కూర్చోబెట్టి నేర్పలేకపోయిన పాఠం అది.

జూన్‌లో ఏమవుతుంది?

చివరి రోజు పిల్లలు నేసినవన్నీ తాడుకు వేలాడదీసి తల్లిదండ్రులను పిలిచాం. బీడీల లెక్క అప్పజెప్పి కొందరు తల్లులు ఆలస్యంగా వచ్చారు. ఏ పిల్ల ఏ బడో ఆ అట్టలను చూస్తే తెలియలేదు. కమిటీ పెద్ద ఒకాయన చాలాసేపు చూసి, వచ్చే ఏడు పెళ్లిళ్ల తేదీలు చూసుకుని ముందే పదిహేను రోజులు రాసిపెడతామన్నారు. నోటి మాటే. కాగితం మీద పడేదాకా నేను నమ్మకం పెట్టుకోను.

జూన్ నెల మధ్యలో బడులు తెరుస్తారు. ఈ తరగతుల వల్ల మా తెలుగు బడి నిండిపోతుందని చెప్పను. ఇద్దరు తల్లులు వచ్చి అడిగి వెళ్లారు, అంతే. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణ చెబుతోంది. మహారాష్ట్రలో బాలభారతి తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తోంది. హక్కుంది, పుస్తకం ఉంది. ఆ భాషలో తమ ఇంటి సంగతి ఏదైనా ఉందని పిల్లకు తెలియడమే కొరత. మా అమ్మాయి బడి మార్చడం లేదు. కానీ ఆదివారం ఉదయం తాత దగ్గర కూర్చుని తెలుగు పేపరు హెడ్డింగులు కూడబలుక్కుంటోంది. నాకు ఈ ఏడాదికి అది చాలు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే పెద్ద ఖర్చు లేదు. అట్టపెట్టెలు, వ్యర్థ నూలు, పసుపు, గంజి ఊరికే దొరుకుతాయి. పుణెలోని ఆయుకా సంస్థలో పిల్లల విజ్ఞాన కేంద్రాన్ని నడిపిన అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతోనే ఎన్నో పాఠాలు తయారుచేశారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. మగ్గమే ఉండాలని లేదు. బరంపురంలో పట్టు ఉంది, పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలున్నాయి, బళ్లారిలో జీన్స్ కుట్టు ఉంది, హొసూరులో గులాబీ తోటలున్నాయి, యానాంలో గోదావరి మీది వలలున్నాయి. వల ముడిలో ఎంత లెక్క ఉందో వల అల్లే తాతను పిలిచి అడగండి.

ఆయన మొదట రానంటాడు. మనవరాలిని పంపండి.